రౌండ్స్‌లో నోరు మూయించే కళ

మీ డిపార్ట్‌మెంటుకు డీఎన్‌బీ సీట్లు వచ్చాయని, ఇద్దరు పీజీలకు మిమ్మల్నే గైడుగా వేశారని విన్నాను. అభినందనలు. శేరిలింగంపల్లిలో సాఫ్ట్‌వేర్ టవరు లేచిన చోటల్లా కూతవేటు దూరంలో ఒక పెద్దాస్పత్రి కూడా లేచింది. గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రామ్‌గూడ, నల్లగండ్ల, ఎటు తిరిగినా మనమే. వీటిలో చాలావాటికి మెడికల్ కాలేజీ లేదు, అయినా స్పెషలిస్టుల్ని తయారుచేస్తాం. 1975లో పుట్టిన నేషనల్ బోర్డు చలవ అది. నీట్ పీజీ రాసి వచ్చిన ఎంబీబీఎస్ కుర్రాడు మూడేళ్ళు మీ దగ్గర పనిచేసి, థీసిస్ రాసి, పరీక్ష గట్టెక్కితే స్పెషలిస్టు. ఆ మూడేళ్ళూ అతనికి కాలేజీ మీరే, ప్రొఫెసరు మీరే, లైబ్రరీ కూడా దాదాపు మీరే.

నిన్నటిదాకా ఓపీ చూసుకుంటున్న మీకు ఎలా నేర్పాలో ఎవరూ చెప్పలేదని బెంగ పెట్టుకున్నారట. దానికేం, మాకూ ఎవరూ చెప్పలేదు. 2020 ఏప్రిల్‌లో గచ్చిబౌలి స్టేడియం దగ్గర క్రీడాకారుల కోసం కట్టిన 14 అంతస్తుల టవరును కొద్ది వారాల్లో సుమారు 1500 పడకల టిమ్స్ ఆస్పత్రిగా మార్చారా లేదా? మంచాలు వేస్తే టవరు ఆస్పత్రి అయింది. తలుపు మీద 'పీజీ గైడ్' అని పలక కొట్టిస్తే కన్సల్టెంటు గురువు కాడా? పలక కొట్టించాక చేయాల్సినవి మాత్రం కొన్ని ఉన్నాయి. అనుభవం మీద చెబుతున్నాను, రాసుకోండి.

ఉదయం రౌండ్స్

రౌండ్స్ మీ దర్బారు. మంచం పక్కన నిలబడి కేసు చెబుతున్న పీజీని మూడో వాక్యం దగ్గర ఆపండి. మొదటి రెండు వాక్యాల్లో వయసు, ఊరు, ఎన్నాళ్ళుగా జ్వరం అనే సంగతులు తప్ప ఏమీ ఉండవు, అక్కడ తప్పు పట్టడం కష్టం. ఆపాక ఒక ప్రశ్న వేయండి. అది ఎదురుగా పడుకున్న రోగికి పనికొచ్చే ప్రశ్న కాకూడదు. ఈ జబ్బుకు పేరిచ్చిన పెద్దమనిషిది ఏ దేశం? ఈ ఎంజైము ఏ క్రోమోజోము మీద ఉంటుంది? జవాబు వస్తే ఒక మెట్టు పైకి ఎక్కించండి, మళ్ళీ వస్తే ఇంకో మెట్టు. జవాబు రాని మెట్టు ఎక్కడో ఒకచోట ఉండి తీరుతుంది. అక్కడ ఆగి, నిట్టూర్చి, సిస్టర్ వైపు చూసి చిన్నగా నవ్వండి. ఈ విద్య మీద 1989లో ఫ్రెడరిక్ బ్రాంకాటి అనే అమెరికన్ డాక్టరు జామా పత్రికలో ఒక వ్యాసమే రాశాడు. దాన్ని వ్యంగ్యం అనేవాళ్ళున్నారు. నాకైతే చక్కటి ఆచరణ గ్రంథంలా కనిపించింది.

తిట్టడం రోగి ముందే జరగాలి. గదిలోకి పిలిచి తలుపు వేసి తిడితే ఒక్కడికే తెలుస్తుంది, రోగి ముందు తిడితే వార్డంతటికీ తెలుస్తుంది. రోగి ఎదురు సాఫ్ట్‌వేర్ టవర్లో టీమ్ లీడ్ అయితే మరీ బావుంటుంది. రాత్రి రెండింటికి తన చేతికి సెలైన్ పెట్టింది ఈ పీజీ అమ్మాయేననీ, ఇంట్లో చెప్పుకోలేని భయాలన్నీ కుర్చీ లాక్కుని కూర్చుని విన్నది ఈమేననీ అతనికి గుర్తుంటుంది. మీరు "ఏమ్మా, ఎంబీబీఎస్ ఎక్కడ కొన్నావ్?" అన్నారంటే ఆ గురి కాస్తా ఎగిరిపోతుంది. సాయంత్రం ఆమె రక్తం తీయడానికి వెళ్తే "పెద్ద డాక్టర్ని పిలవండి" అంటాడు. పెద్ద డాక్టరు అంటే మీరే. ఒక్క మాటతో రెండు పనులు.

ఈ మధ్య కుర్ర గైడ్లు కొందరు 1992లో అమెరికాలో ఫ్యామిలీ డాక్టర్లు రాసిపెట్టిన ఒక పద్ధతిని తలకెత్తుకున్నారు. పీజీ కేసు చెప్పగానే "నువ్వేమనుకుంటున్నావు?" అని అడగాలట. "ఎందుకలా అనుకున్నావు?" అని ఇంకోటి. ఆ కేసుకు పనికొచ్చే సూత్రం ఒక్కటి చెప్పాలట, సరిగ్గా చేసిందేదో పేరు పెట్టి మెచ్చుకోవాలట, తప్పుంటే దిద్దాలట. అంతా కలిపి ఐదు నిమిషాలు పట్టదు, నిజమే. నాకు భయం టైము గురించి కాదు. నువ్వేమనుకుంటున్నావని అడిగితే వాడు నిజంగానే అనుకోవడం మొదలుపెడతాడు. ఇవాళ రోగి గురించి అనుకున్నవాడు రేపు మీ ప్రిస్క్రిప్షన్ గురించి అనుకోడని హామీ ఉందా?

మీ పాఠం బాగా సాగుతోందని తెలుసుకోవడానికి ఒక గుర్తు చెబుతాను. పీజీలు పొద్దున్నే వార్డులోకి వచ్చి సిస్టర్‌ని మొదట ఏమడుగుతున్నారో చూడండి. "రాత్రి 312 పేషెంట్ ఎలా ఉన్నాడు సిస్టర్?" అంటే మీరింకా కష్టపడాలి. "సార్ మూడ్ ఎలా ఉంది సిస్టర్?" అంటే వాళ్ళు చదవాల్సిన సబ్జెక్టు చదువుతున్నారన్నమాట.

తెలియదు అనే మాట

ఆ మాట మీ నోట రాకూడదు. మన హైదరాబాద్‌లోనే దీనికి మహత్తరమైన ఉదాహరణ ఉంది, పీజీలకు చెప్పకండి గానీ మీరు తెలుసుకోండి. 1880ల్లో ఎడ్వర్డ్ లారీ అనే రెసిడెన్సీ సర్జన్ హైదరాబాద్ మెడికల్ స్కూలును నడిపాడు. క్లోరోఫామ్ ఇస్తే ఆగేది ఊపిరే, గుండె కాదు, నాడి చూడటం దండగ అన్నది ఆయన మతం. ఆరో నిజాం ఖర్చుతో 1888లో ఒక క్లోరోఫామ్ కమిషన్ వేసి, తాను అన్నదే నిజమని తేల్చాడు. లండన్‌లో లాన్సెట్ పత్రిక నమ్మకపోతే 1889లో రెండో కమిషన్. దానికి లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ స్వయంగా ఇక్కడికి వచ్చి, లారీ పక్షానికే మారిపోయి వెళ్ళాడు. గైడంటే అలా ఉండాలి! 1911లో లెవీ అనే ఆయన క్లోరోఫామ్ గుండె లయను చెడగొట్టి చంపగలదని పిల్లుల మీద చూపించేనాటికి లారీ రిటైరై చాలా ఏళ్ళైంది. ఈ మధ్యలో ఆయన మాట నమ్మి నాడి వదిలేసి ఊపిరి మాత్రమే చూస్తూ కూర్చున్న శిష్యుల చేతుల్లో ఎవరెవరు ఏమయ్యారో అడిగేవాళ్ళెవరు?

ఆయనలోనూ ఒక లోపం ఉంది, దాచడం ఎందుకు. విద్యార్థుల చేతికి క్లోరోఫామ్ ఇచ్చేవాడు, చేయనిచ్చేవాడు. అంతటితో ఆగక ఆడపిల్లల్ని స్కూల్లో చేర్చుకున్నాడు. వాళ్ళలో ఒకరైన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోనే మొట్టమొదటి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరిగా పేరు తెచ్చుకుంది. మొండితనం నేర్చుకోవడానికి లారీ దగ్గరికి వెళ్ళండి. ఆ చేయనివ్వడం మాత్రం ఆయనకే వదిలేయండి.

రాత్రి ఫోన్లు

ఇది అన్నిటికంటే ముఖ్యం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. కొత్త పీజీ మొదటి వారంలోనే రాత్రి రెండున్నరకు ఫోన్ చేస్తాడు. ఆ మొదటి ఫోన్‌లో మీరు ఎలా మాట్లాడతారన్నదాని మీదే వచ్చే మూడేళ్ళ మీ నిద్ర ఆధారపడి ఉంటుంది.

"సార్, 412 పేషెంట్ పొటాషియం 6.8 వచ్చింది సార్."

"ఈసీజీ తీశావా?"

"తీశాను సార్, టీ వేవ్స్ పొడుగ్గా ఉన్నాయి సార్. కాల్షియం ఇవ్వమంటారా అని..."

"ఎంబీబీఎస్‌లో ఇది చెప్పలేదా మీకు?"

"చెప్పారు సార్."

"మరి నన్నెందుకు లేపావ్?"

ఫోన్ పెట్టేయండి. ఇవ్వమనకండి, వద్దనకండి. ఆ అర నిమిషంలో అతను కాల్షియం గురించి నేర్చుకున్నది ఏమీ లేదు, ఫోన్ గురించి నేర్చుకున్నది జీవితాంతం మరచిపోడు. మర్నాడు ఇంకో మంచం మీద ఇంకో రోగికి ఆక్సిజన్ మెల్లగా పడిపోతుంటే మూడుసార్లు ఫోన్ తీస్తాడు, మూడుసార్లు జేబులో పెట్టేస్తాడు. మాస్క్ మారుస్తాడు, ప్రోబ్ మారుస్తాడు, మరో ఎక్స్‌రే తీయిస్తాడు, తెల్లారేదాకా నెట్టుకొద్దామనుకుంటాడు. తెల్లారి మీరు వచ్చేసరికి రోగి వెంటిలేటర్ మీద ఉంటాడు. అప్పుడు అందరి ముందు రెండో ప్రశ్న వేయాలి: "నాకెందుకు ఫోన్ చేయలేదు?"

చేస్తే ఎందుకు చేశావు, చేయకపోతే ఎందుకు చేయలేదు. ఈ రెండూ మీ దగ్గర సిద్ధంగా ఉంటే మీ మీదికి ఏ తప్పూ రాదు.

డ్యూటీ మారేటప్పుడు వార్డు అప్పగించే పద్ధతి గురించి కూడా పేచీలు వస్తున్నాయి. 2014లో అమెరికాలో తొమ్మిది ఆస్పత్రుల్లో, వెళ్ళేవాళ్ళు వచ్చేవాళ్ళకు ఒక్కొక్క రోగి గురించి ఒక వరసలో, రాతలోనూ మాటలోనూ చెప్పి, విన్నవాళ్ళు తిరిగి అప్పజెప్పేలా చేస్తే పొరపాట్లు 23 శాతం తగ్గాయట. మనకు వాట్సాప్ గ్రూపు ఉంది. "ఆల్ స్టేబుల్ సార్" అని పెట్టి బొటనవేలి బొమ్మ కొడితే అప్పగింత అయిపోయినట్టే.

గంటలు

కేంద్రం 1992లోనే రెసిడెంట్లకు ఒక విడతలో 12 గంటలు, మామూలుగా వారానికి 48 గంటలు అని రాసిపెట్టింది. 2023లో జాతీయ వైద్య కమిషన్ అంకెల జోలికి పోకుండా పనిగంటలు సహేతుకంగా ఉండాలంది. ఇంత చక్కటి మాట ఏ చట్టంలోనూ చూడలేదు, ఎంత లాగినా సాగుతుంది. 2024లో అదే కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ వారానికి 74 మించొద్దని చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు 36 గంటల డ్యూటీలు అమానుషం అంది. ఇవన్నీ మీ పీజీ కూడా చదివే ఉంటాడు. ఎత్తితే ఒకే మాట చెప్పండి: "మా రోజుల్లో మేం ఇంటికే వెళ్ళేవాళ్ళం కాదు." అత్త ఒకనాటి కోడలేనని మనవాళ్ళు ఊరికే అన్నారా? ఆ సామెతను జాలి కోసం చెప్పారనుకునేవాళ్ళున్నారు. వంతు కోసం చెప్పారని నా నమ్మకం.

ఇంకా వాదిస్తే మూలపురుషుడి పేరెత్తండి. రెసిడెంటు డాక్టరు ఆస్పత్రిలోనే కాపురముండాలనే ఏర్పాటు 1889 తర్వాత బాల్టిమోర్‌లో జాన్స్ హాప్‌కిన్స్‌లో విలియం హాల్‌స్టెడ్ చలవ. ఆయనకు మొదట కొకైన్, తర్వాత మార్ఫిన్ అలవాటుండేదన్న సంగతి అక్కర్లేదు. మన వాళ్ళకు మిషన్ కాఫీ చాలు. అలాగే 1984లో న్యూయార్క్‌లో 18 ఏళ్ళ లిబీ జయన్ అనే అమ్మాయి ఆస్పత్రిలో చేరిన కొద్ది గంటల్లోనే చనిపోయిందనీ, చూసిన రెసిడెంట్లు అలసిపోయి ఉన్నారనీ, పెద్ద డాక్టరు ఫోన్‌లో తప్ప కనబడలేదనీ ఆమె తండ్రి పోరాడితే ఆ రాష్ట్రం వారానికి 80 గంటల హద్దు పెట్టిందనీ, 2003లో అది అమెరికా అంతటా వచ్చిందనీ ఎవరైనా చెబితే, గడియారం చూసుకుని ఓటీ ఉందని లేవండి.

చేతులు

గాంధీ ఆస్పత్రిలోనో ఉస్మానియాలోనో పీజీ చేసినవాళ్ళకు చేతి పని దానంతటదే వస్తుంది, అక్కడ జనం అంత. మన ఐటీ కారిడార్‌లో రోగి అంటే కస్టమర్. అతనికి కంపెనీ ఇన్సూరెన్సు ఉంది, చేతిలో గూగుల్ ఉంది, మీ పేరు చూసి వచ్చాడు. సెంట్రల్ లైన్ పీజీ వేస్తాడంటే ఊరుకుంటాడా? ఊరుకునేలా చేసే దారి ఒకటి ఉందని చెప్పేవాళ్ళున్నారు. ముందు రోగితో "ఈయన నా టీమ్ డాక్టర్, నేను పక్కనే ఉండి చేయిస్తాను" అని నోరారా చెప్పి, నిజంగానే పక్కనే నిలబడాలట. మొదట మీరు చేసి చూపించి, తర్వాత ప్రతి అడుగూ మీరు చెబుతూ చేసి, ఆ తర్వాత అతను చెబుతుంటే మీరు చేసి, నాలుగోసారి అతని చేత చేయించాలట. ఆ నాలుగుసార్లు నిలబడినంత సేపట్లో మీరు ఎన్ని ఓపీలు చూడగలరో లెక్క వేసుకోండి. నేర్పడానికి బిల్లింగ్ కోడ్ లేదు. నెలాఖరు మీటింగులో మీ పేరు పక్కన వచ్చే అంకెలో అది ఎక్కడా కనబడదు. ఈ ఒక్క విషయంలో మాత్రం తప్పు మీది కాదని ఒప్పుకుంటాను.

మరి పీజీ చేతులకు పని ఏది? ఇన్సూరెన్సు. పొద్దున్న పదకొండుకల్లా డిశ్చార్జ్ కాగితాలు వెళ్ళాలి. రోగి ఎదురు టవర్లో పనిచేస్తాడు, అతని భార్య పక్క టవర్లో, ఇద్దరికీ కాల్స్ ఉన్నాయి. మధ్యాహ్నం ఇన్సూరెన్సు తరఫున క్లెయిములు చూసే టీపీఏ వాళ్ళు క్వెరీ వేస్తారు: ఈ జబ్బుకు అడ్మిషన్ ఎందుకు అవసరమైంది, ఓపీలో చూడొచ్చు కదా? దానికి పీజీ అందంగా జవాబు రాయాలి. రెండేళ్ళు గడిచేసరికి న్యుమోనియాను స్టెత్‌తో పట్టలేకపోయినా, అప్రూవల్ వచ్చే భాషలో రాయడంలో ఆరితేరుతాడు. గల్ఫ్ నుంచీ ఆఫ్రికా దేశాల నుంచీ వచ్చే రోగుల కేస్ షీట్లు, దుబాసీని పక్కన పెట్టుకుని రాసేవీ, అతనికే ఇవ్వండి. నానక్‌రామ్‌గూడలో సెంట్రింగు మీద నుంచి పడ్డ ఒడియా మేస్త్రీ కథ కూడా అతనే రాసుకోవాలి. ఇంతమంది మనుషుల గోడు ఒకే వార్డులో వినే అవకాశం ఎంత మంది పీజీలకు వస్తుంది! వినే టైము లేకుండా చూడటం మన బాధ్యత.

ఇక లాగ్‌బుక్. చేసినవీ చూసినవీ ఏ రోజుకారోజు రాసి సంతకం చేయించుకోవాలని బోర్డు నియమం. మీరు మాత్రం బోర్డు ఇన్‌స్పెక్షన్ ముందు రోజు రాత్రి కూర్చుని ఏడాది సంతకాలు ఒకేసారి కానివ్వండి. పెన్నులు మార్చుతూ ఉండండి, సిరా ఒకటే అయితే బావుండదు. జర్నల్ క్లబ్ రిజిస్టరులోనూ అంతే. జరగని క్లాసుకు అందరూ హాజరవుతారు, అది ఒక సదుపాయం.

ఒక ప్రమాదం ఉంది, జాగ్రత్త. 2021 బ్యాచ్ నుంచి పీజీలు మూడు నెలలు జిల్లా ఆస్పత్రుల్లో పనిచేయాలని నియమం వచ్చింది. అక్కడ సిబ్బంది తక్కువ, రోగులు ఎక్కువ, చేయి ఖాళీగా ఉండదు. వెళ్ళేటప్పుడు మాట పెగలని పిల్ల తిరిగొచ్చేసరికి తనంతట తాను ట్యూబ్ వేసేస్తుంది. దానికన్నా ఘోరం, అక్కడ ఎవరో సీనియర్ డాక్టరు "నాకూ తెలీదమ్మా, చూద్దాం పద" అని తనతో పాటు పుస్తకం తీయడం కళ్ళారా చూసి వస్తుంది. అలాంటి పిల్లను దారిలో పెట్టడానికి మళ్ళీ రౌండ్స్ తప్ప మందు లేదు.

వేదిక

నేర్పాలనే కోరిక మీలో నిజంగా ఉంటే అణచుకోనక్కర్లేదు, చోటు మార్చండి. మన హెచ్‌ఐసీసీ సభామందిరం ఎందుకుంది? 2017 ఫిబ్రవరిలో మొదటి ప్రపంచ ఎండోస్కోపీ మహాసభ హైదరాబాద్‌లోనే జరిగింది. ఎండోస్కోపీ నిపుణులు నాగేశ్వర్ రెడ్డి గారి లాంటి వాళ్ళు తమ చేతులు ఎలా కదులుతున్నాయో పరాయి దేశపు డాక్టర్లకు కూడా దాచకుండా చూపిస్తారు. అది వాళ్ళ ఇష్టం. మీరు వేదికకే పరిమితం కండి. వెయ్యి మంది తెలియని వాళ్ళ ముందు స్లైడ్లు వేసి, చక్కటి ఇంగ్లీషులో, వినయంగా, "ఈ కేసులో నేను పొరబడ్డాను" అని కూడా అనండి, చప్పట్లు బాగా వస్తాయి. ఆ స్లైడ్లు రాత్రంతా కూర్చుని చేసింది మీ పీజీయే కదా, నేర్చుకోవడం అతనికీ అయిపోయినట్టే. అతన్ని సభకు మాత్రం పంపకండి, వార్డు ఎవరు చూస్తారు?

ఫిర్యాదులు, ఫీడ్‌బ్యాక్

ప్రతి ట్రైనింగ్ ఆస్పత్రిలోనూ ఫిర్యాదుల కమిటీ ఉండాలని, అందులో పీజీల తరఫున ఒకరు ఉండాలని బోర్డు చెబుతుంది. థీసిస్ మీ సంతకం కోసం ఎదురుచూస్తున్న పీజీని వేయండి.

2023 ఫిబ్రవరిలో వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీ మత్తు విభాగంలో మొదటి ఏడాది పీజీ అమ్మాయి, సీనియర్ వేధించాడన్న ఆరోపణల నడుమ, ప్రాణం కోల్పోయింది. మరుసటి ఏడాది జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ సర్వేలో పీజీల్లో దాదాపు 31 శాతం మంది చావు ఆలోచనలు వచ్చాయన్నారు. ఈ సంగతులు రౌండ్స్‌లో ఎత్తకండి. వాటి మీద నా దగ్గర చిట్కా లేదు.

ఎదురు టవర్లలో మేనేజర్లు తమ కింది వాళ్ళతో వారం వారం విడిగా కూర్చుని, పని ఎలా ఉంది, ఎక్కడ చిక్కుపడ్డావు అని అడుగుతారట. మీ పీజీతో ఇంటర్ చదివిన స్నేహితుడు అక్కడే ఉంటాడు, అన్నీ చెబుతుంటాడు. ఆ గాలి మన హెచ్‌ఆర్ వాళ్ళకూ సోకింది. మెంటార్ మీద పీజీల ఫీడ్‌బ్యాక్ అని ఆన్‌లైన్ ఫారం పెట్టారు. ఐదు నక్షత్రాలకు ఎన్ని ఇస్తారో పీజీ నొక్కాలి. పేర్లు రావట, ఎవరికీ భయం అక్కర్లేదట. భయం అక్కర్లేదన్న మాట మీ విషయంలోనూ నిజమే, ఎందుకంటే మీకున్నది ఇద్దరే పీజీలు. సగటు ఐదు వస్తే సరే. నాలుగున్నర వచ్చిందంటే ఎవరో ఒకరు నాలుగు నొక్కారు. ఎవరో తేల్చుకునే శ్రమ పెట్టుకోకండి. రోస్టర్ మీ చేతిలోనే ఉంది, బతుకమ్మ రాత్రి ఒకరికీ దసరా రాత్రి ఒకరికీ ఐసీయూ వేసేయండి.